సోమశిల ఒడ్డున ఆదివారం

వారంలోని ఏడు దినాలలో ఆదివారానికి వున్న రుచి పిల్లలకు తెలిసినంతగా పెద్దలకు తెలియదు. మిగిలిన దినాలన్నీ గంట కొట్టినప్పుడు కూర్చుని, గంట కొట్టినప్పుడు లేచే పసివాడు, శనివారం సాయంకాలం పుస్తకాల సంచి మూలకు పెట్టి, “రేపు ఎక్కడికి పోదాము?” అని అడుగుతాడు. ఆ ప్రశ్న చిన్నదే. కాని దానికి తలిదండ్రులు చెప్పే జవాబును బట్టి ఆ పిల్లవానికి లోకం ఏ మేరకు పరిచయమయ్యేదీ నిర్ణయమవుతుంది.

ఈ ఆదివారపు సెలవు అనాదిగా వచ్చినది కాదు. మన పూర్వుల పంచాంగంలో పున్నములు, అమావాస్యలు, ఏకాదశులు వున్నవి గాని వారానికొక విశ్రాంతి దినమంటూ లేదు. బొంబాయి బట్టల మిల్లులలోని కార్మికులు నారాయణ మేఘాజీ లోఖండే నాయకత్వాన ఏండ్ల తరబడి ఆందోళన చేయగా 1890లో వారికి ఆదివారం సెలవు లభించింది. నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యంలో బడులకూ కచేరీలకూ శుక్రవారం సెలవు. ఆ రాజ్యం 1948లో భారతదేశంలో కలిసిన తరువాతనే ఆదివారం ఆ స్థానాన్ని పొందింది. అంటే నేటి పాలమూరు సీమ పిల్లల ముత్తాతలకు ఆదివారం బడి దినమే. ఎవరో పోరాడి సంపాదించి పెట్టిన దినం గనుక దానిని ఎట్లా వెచ్చిస్తున్నామో అప్పుడప్పుడు ఆలోచించుకోవటం మంచిది.

పల్లెలో పెరిగే పిల్లవానికి విహారమంటూ వేరుగా ఏర్పాటు చేయవలసిన అవసరం తక్కువ. చెరువుకట్ట, తాటివనం, ఏటేటా జాతర, కార్తికమాసంలో ఉసిరిచెట్టు నీడన వనభోజనం, బతుకమ్మ పండుగకు తంగేడుపూలు కోసుకురావటం, ఇవన్నీ అతని ఊరి పొలిమేరలోనే వున్నవి. పట్నపు పిల్లవాని స్థితి వేరు. ఆకాశం అతనికి మేడల నడుమ కనిపించినంతే. నీరు కుళాయిలో వచ్చినంతే. అందుచేత సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకుని ఎక్కడికో ఒకచోటికి పోవటం పట్నవాసులకు అలవాటయింది. హైదరాబాదులో 1963లో తెరచిన నెహ్రూ జంతుప్రదర్శనశాల, బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే సాలార్‌జంగు మ్యూజియం గడియారం, పబ్లిక్ గార్డెన్సు, హుస్సేన్‌సాగరం గట్టు తరతరాల పిల్లలకు ఆదివారపు ఆటపట్టులైనవి.

ఇంటిలోనే కూర్చుని గడిపే ఆదివారాన్ని సయితం సార్థకం చేసినవారు వున్నారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులను తెలుగు పిల్లలందరూ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అని పిలుచుకున్నారు. మొదట మద్రాసులో, ఆ తరువాత హైదరాబాదులో వారు నడిపిన బాలానందం కార్యక్రమంలో పాట పాడినది పిల్లలే. నాటిక ఆడినది పిల్లలే. తప్పు పలికి నవ్వించినదీ పిల్లలే. పెద్దలు చేసి చూపగా పిల్లలు చూచి ఊరుకోవటం కాదు, పిల్లల చేతనే చేయించటం ఆ దంపతులు పాటించిన పద్ధతి. ఆ పద్ధతిని ఈనాటి విహారయాత్రకు అన్వయించుకుంటే ఎట్లా వుంటుందో చూడదగి వున్నది.

ఇటీవలి సంవత్సరాలలో రోడ్లు బాగుపడి, కార్లు పెరిగి, నగరవాసుల ఆదివారం నగరపు పొలిమేర దాటి చాల దూరం పోయింది. అట్లా పేరు వచ్చిన చోట్లలో నాగర్‌కర్నూలు జిల్లా కొల్లాపురం మండలంలో కృష్ణానది ఒడ్డున వున్న సోమశిల ఒకటి. నీటి నడుమ తేలినట్లు కనిపించే దిబ్బలను చూచి పత్రికలవారు దానికి తెలంగాణ మాల్దీవులని ముద్దుపేరు పెట్టినారు. 2024లో కేంద్ర పర్యాటక శాఖ నిర్వహించిన ఉత్తమ పర్యాటక గ్రామాల పోటీలో ఆధ్యాత్మిక విభాగంలో సోమశిలకు బహుమతి లభించింది. ఆ కీర్తి మాట అటుంచి, పిల్లవానికి అక్కడ చూపవలసినదేమిటో, చూపకుండా తీసుకువస్తున్నదేమిటో విచారించటం ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ ప్రయోజనకరం.

దారిలో

హైదరాబాదు నుండి సోమశిలకు రమారమి నూట ఎనభై కిలోమీటర్లు. ఉదయమే ఫలహారం కట్టుకుని బయలుదేరినవారు బెంగుళూరు రస్తాపై జడ్చర్ల చేరి, అక్కడ ఎడమకు మళ్ళి, నాగర్‌కర్నూలు, కొల్లాపురం దాటి మధ్యాహ్నం లోపున నది ఒడ్డు చేరుకుంటారు. దారి పొడవునా ఎర్రచెలకలు, ఒకదానిపై నొకటి పేర్చినట్లున్న బండల గుట్టలు, పత్తి, మొక్కజొన్న చేలు కనిపిస్తవి. ఈ బండలు ఎవరు పేర్చినారని పిల్లవాడు అడుగక మానడు. ఎండకూ వానకూ పగిలి, చుట్టూ వున్న మెత్తని భాగం కొట్టుకొనిపోగా మిగిలిన గట్టి రాయి అది అని చెప్పగలిగితే భూగోళ పాఠం ఒకటి కారులోనే పూర్తయినట్లే.

ఈ సీమకు మరొక పేరు వున్నది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా, అక్కడ తట్ట మోసినవారిలో పాలమూరు కూలీలు కనిపించేవారు. వానలు మొగం చాటేసిన ఏడు ఇంటికి తాళం వేసి, పసిపిల్లలను చంకనెత్తుకుని, మేస్త్రీ వెంట పరాయి రాష్ట్రాలకు పోవటం ఇక్కడి కుటుంబాలు తరతరాలుగా ఎరిగిన ప్రయాణం. సెలవునాడు సరదాగా ప్రయాణమయ్యే పిల్లలు, పని వెదుక్కుంటూ ఇదే దారిన ప్రయాణమైన పిల్లలు కూడా వుండేవారని తెలుసుకుంటే వారి ఆనందానికి కొరత ఏమీ రాదు.

కొల్లాపురం మామిడిపండ్లకు ప్రసిద్ధి. అంతకంటె ముందు అది సాహిత్యానికి ప్రసిద్ధి. జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభివారికి మొదట జటప్రోలు, తరువాత కొల్లాపురం రాజధానులు. ఆ వంశపు ప్రభువైన సురభి మాధవరాయలు స్వయంగా కవి. పదిహేడవ శతాబ్దంలో ‘చంద్రికాపరిణయము’ అనే శ్లేషభూయిష్ఠమైన ప్రౌఢప్రబంధాన్ని రచించినాడు. తెలుగు చదివే విద్యార్థి కొల్లాపురం కోట ముందు ఒక నిముషం ఆగటానికి ఈ ఒక్క కారణం చాలును.

ఆ ఊరిలో మాధవస్వామి ఆలయం వున్నది. దానిని దర్శించే పిల్లలకు పెద్దలు తప్పక చెప్పవలసిన సంగతి ఒకటి వున్నది. ఆ గుడి పుట్టింది కొల్లాపురంలో కాదు. కృష్ణ ఒడ్డున మంచాలకట్ట అనే ఊరిలో వెలసిన ఆలయాన్ని విప్పి, రాళ్ళు తెచ్చి, ఇక్కడ తిరిగి నిలిపినారు. జటప్రోలులోని మదనగోపాలస్వామి గుడి కూడా అట్లాగే పాత ఊరు విడిచి కొత్త ఊరికి వచ్చింది. దేవుడు ఊరు మారవలసి వచ్చిందంటే దానికి పెద్ద కారణమే వుండవలె. ఆ కారణం అక్కడికి పది కిలోమీటర్ల దూరంలో కనుచూపు మేర నీరై పరచుకుని వున్నది.

పన్నెండు లింగాలు, ఒక పటము

సోమశిలలో ముందుగా కనిపించేది లలితా సోమేశ్వరస్వామి ఆలయ సముదాయం. ద్వాదశ జ్యోతిర్లింగాల పేరిట పన్నెండు లింగాలను ఒకేచోట ప్రతిష్ఠించటం దీని ప్రత్యేకత. కార్తికమాసంలోనూ, పన్నెండేండ్లకొకసారి వచ్చే కృష్ణా పుష్కరాలలోనూ ఇక్కడ జనం కిక్కిరిసి వుంటారు. 2016లో పుష్కరాలు జరిగినవి. 2028లో తిరిగి వస్తవి.

భక్తుడు ఒక ప్రదక్షిణతో పన్నెండు క్షేత్రాల ఫలం కోరుకుంటాడు. ఉపాధ్యాయుడు అదే ప్రదక్షిణలో భారతదేశపు పటాన్ని బోధించగలడు. సౌరాష్ట్ర సముద్రతీరాన సోమనాథుడు, ఉజ్జయినిలో మహాకాలుడు, నర్మద నడుమ ఓంకారేశ్వరుడు, హిమవత్పర్వతాన కేదారనాథుడు, గంగ ఒడ్డున కాశీ విశ్వనాథుడు, గోదావరి పుట్టినచోట త్ర్యంబకేశ్వరుడు, ఎల్లోరా చెంత ఘృష్ణేశ్వరుడు, సేతువు దగ్గర రామేశ్వరుడు. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క రాష్ట్రమో, నదియో, కొండయో జతపడుతుంది. వైద్యనాథుడు ఝార్ఖండులోని దేవఘర్‌లో వున్నాడని కొందరు, మహారాష్ట్రలోని పరళిలో వున్నాడని కొందరు అంటారు. పిల్లలు వాదులాడుకోవటానికి అది మంచి అవకాశం.

వీటిలో రెండు పేర్లు సోమశిల నీటితోనే ముడిపడి వున్నవి. మహారాష్ట్రలోని భీమశంకర క్షేత్రం దగ్గర సహ్యాద్రిలో పుట్టిన భీమానది వందల కిలోమీటర్లు ప్రవహించి, పాలమూరు సీమ సరిహద్దులో కృష్ణలో కలుస్తుంది. అనగా భీమశంకరుని పాదాల దగ్గర పుట్టిన నీరు నడచి నడచి సోమశిల మెట్లను తాకుతున్నది. ఇక శ్రీశైల మల్లికార్జునుడు ఇదే నీటికి దిగువన కొండపై వున్నాడు. పన్నెండు లింగాలలో ఒకటి నీటికి పుట్టిల్లు, ఒకటి నీటికి పొరుగిల్లు. మెట్ల మీద కూర్చుని కాళ్ళు తడుపుకునే పిల్లవానికి ఈ మాట చెప్పి చూడవచ్చు. మహాబలేశ్వరం దగ్గర పుట్టి, దాదాపు పధ్నాలుగు వందల కిలోమీటర్లు నడచి సముద్రంలో కలిసే కృష్ణ అతనికి ఆ క్షణం నుండి పాఠ్యపుస్తకంలోని నీలిగీత మాత్రంగా మిగలదు.

ఈ గుడికి కూడా మాధవస్వామి గుడి కథే జరిగింది. నేడు గట్టుపై కనిపిస్తున్న ఆలయాలు మొదట దిగువన నది ఒడ్డున వుండేవి. నీరు పైకి వస్తుందని తెలిసి వాటిని తరలించి ఎత్తైన చోట నిలిపినారు. ఇట్లా గుడిని తరలించేటప్పుడు ముందుగా ప్రతి రాతికీ ఒక అంకె వేసి, కొలతలు తీసి, పటాలు గీసి, ఆ క్రమం తప్పకుండా తిరిగి పేర్చుతారు. ఆలంపురం దగ్గర కూడలి సంగమేశ్వరాలయాన్నీ, పాపనాశి గుడులనూ ఈ విధంగానే కాపాడినారు. పురావస్తు శాస్త్రజ్ఞుల ఓర్పుకు ఇవి సాక్ష్యాలు.

నీటి అడుగున

రాళ్ళకు అంకెలు వేసి కాపాడగలిగినారు. మనుష్యుల సంగతి అంత చక్కగా జరుగలేదు.

సోమశిల ముందు కనిపించే నీరు సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. దిగువన శ్రీశైలం దగ్గర నల్లమల కొండల నడుమ కట్టిన ఆనకట్ట వెనుకకు నెట్టిన నీరు అది. ఆ ప్రాజెక్టుకు 1960 జూలై 24న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. ఆనకట్ట పూర్తయి, 1984 నాటికి జలాశయం నిండింది. నిండుగా వున్నప్పుడు దాని నీటిమట్టం సముద్రమట్టానికి 885 అడుగులు. ఆ గీతకు దిగువన వున్న నేల అంతా కర్నూలు, పాలమూరు జిల్లాలది. వంద వరకు గ్రామాలు, వేలాది కుటుంబాలు, నదీతీరపు నల్లని నేలలు అందులో వుండేవి.

1981లో ఊళ్ళు ఖాళీ చేయించినారు. కదలనివారి ఇండ్లను పడగొట్టినారు. ఊరు అన్నప్పుడు అందులో ఇండ్లు మాత్రమే వుండవు. రావిచెట్టు కింది కట్ట, మంచినీళ్ళ బావి, పంతులుగారు కూర్చునే బడి అరుగు, దర్గా, బొడ్రాయి, తాతముత్తాతల సమాధులు, ఏ పొలంలో ఏ పంట పండుతుందో తెలిసిన జ్ఞానం, వీటన్నిటి పేరు ఊరు. పరిహారపు లెక్కలో నేలకూ ఇంటికీ ధర కట్టవచ్చును గాని మిగిలినవాటికి పట్టిక లేదు. మెట్టకు చేరినవారిలో అనేకులు కూలీలుగా మారినారు. ముంపు కుటుంబానికొక ఉద్యోగం ఇవ్వవలెనని 1986లో 98వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు వెలువడింది. దాని అమలు కొరకు తండ్రులు పెట్టిన అర్జీలు కొడుకుల చేతికి వచ్చిన కుటుంబాలు ఎన్నో వున్నవి.

ఇది ఒక వైపు. మరొక వైపు కూడా పిల్లలకు చెప్పవలసినదే. శ్రీశైలం కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్తు పుట్టించే యంత్రాలు వున్నవి. పట్నపు పిల్లవాడు రాత్రివేళ చదువుకునే దీపానికి ఆ వెలుగు కొంత చేరి వుండవచ్చు. కొల్లాపురం దగ్గరనే ఎల్లూరు వద్ద ఈ నీటిని పైకి ఎత్తి కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ద్వారా పాలమూరు మెట్టపొలాలకు పారించుతున్నారు. ఏ ఊళ్ళను ముంచిందో ఆ నీరే దశాబ్దాల తరువాత పొరుగు ఊళ్ళకు పంటనిచ్చింది. లాభం ఒకరికి, నష్టం మరొకరికి కలిగినప్పుడు న్యాయం ఎట్లా చేయవలెను? ఈ ప్రశ్నకు తయారుగా వున్న జవాబు లేదు. అయినా ప్రశ్నను పిల్లలకు అందించటం పెద్దల ధర్మం.

ఇక్కడ తొందర పడవలసిన కారణం ఒకటి వున్నది. 1981లో పదేండ్ల వయసున్న పిల్లవాడు ఇప్పుడు యాభై దాటిన పెద్దమనిషి. పాత ఊరి వీధులను కళ్ళు మూసుకుని చెప్పగలిగినవారిలో చివరి తరం అది. ఇంకొక పాతికేండ్లు గడిస్తే మునిగిన ఊళ్ళ గురించి కాగితాలు చెప్పినంతే మిగులుతుంది. ప్రతి ఆదివారం వందల కొద్దీ పిల్లలు ఆ ఒడ్డుకు వచ్చి, నీటిని చూచి, వేయించిన చేపలు తిని, ఫోటోలు దిగి పోతున్నారు. ఆ చేపలు అమ్మేవారినో, రేవులో వలలు బాగుచేసుకునే ముసలివారినో, “తాతా, మీ పాత ఊరి పేరేమి?” అని అడిగే పిల్లవాడు వందలో ఒకడుంటే చాలు, ఒక పేరు మరొక తరం బ్రతుకుతుంది.

పడవ మీద

పిల్లలకు సోమశిల అంటే ముందుగా పడవ. రేవులో మరబోట్లు వుంటవి. నీరు చాలినంత వున్న నెలలలో పర్యాటక శాఖవారి లాంచీ సోమశిల నుండి శ్రీశైలం దాకా పోతుంది. నల్లమల కొండల మలుపుల గుండా సాగే ఆ ప్రయాణం ఆరేడు గంటలు పడుతుంది. ఆ కొండలు చెంచుల నివాసం. అమ్రాబాదు పులుల అభయారణ్యం కూడా ఆ వైపుననే వున్నది. మైకులో పాటలు కొంతసేపు ఆపి చూస్తే కొంగల రెక్కల చప్పుడు కూడా పిల్లల చెవిని పడుతుంది.

నీటిపై గుండ్రని పుట్టిలో కూర్చుని వల వేసే జాలరిని చూచి పట్నపు పిల్లలు ఆశ్చర్యపోతారు. కొన లేని పడవ గిరగిర తిరుగకుండా ఎట్లా ముందుకు పోతుందో అతనినే అడిగి, ఒడ్డున ఆగిన పుట్టిలో తెడ్డు పట్టి చూడటం ఏ ఆటవస్తువూ ఇవ్వని సంతోషం. వలకన్ను సంగతి కూడా అక్కడే తెలుస్తుంది. కన్ను పెద్దదైతే చిన్నచేప తప్పించుకుని పెరుగుతుంది. దోమతెర వంటి సన్నకన్నుల అలివి వలలు వేస్తే గుడ్డు నుండి వెలువడిన పిల్ల కూడా మిగలదు. నిషేధం వున్నా ఈ జలాశయంలో అలివి వలలు పడుతూనే వున్నవని, పుట్టి జాలరుల బ్రతుకు దానివల్ల దెబ్బతింటున్నదని అక్కడివారు మొరపెట్టుకుంటున్నారు. రేపటికి మిగల్చటమంటే ఏమిటో బోధించటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ వుండదు.

నీటికి మరొక ముఖం వున్నది. సోమశిలకు సమీపంలోని మంచాలకట్ట దగ్గర 2007లో పడవ మునిగి అరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయినారు. 2017 నవంబరు 12న విజయవాడ చెంత కృష్ణలో, 2019 సెప్టెంబరు 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర గోదావరిలో విహారానికి పోయిన పడవలు మునిగినవి. మొదటిదానిలో ఇరవై మందికి పైగా, రెండవదానిలో యాభై మంది వరకు మరణించినారు. ఆ రెండు దినాలూ ఆదివారాలే. రెండు పడవలలోనూ సెలవు గడపవచ్చిన కుటుంబాలే.

కనుక లైఫ్ జాకెట్టు బిగించిన తరువాతనే పిల్లను పడవ ఎక్కించవలె. పరిమితికి మించి జనం ఎక్కిన పడవను వదులుకుని మరొకదాని కొరకు వేచి వుండవలె. తండ్రి తాను జాకెట్టు విప్పి కొడుకును వేసుకోమంటే ఆ మాటకు విలువ వుండదు. రేవులో స్నానాలు చేసేవారు గుర్తుంచుకోవలసినది ఇంకొకటి వున్నది. ఇది ఏటి ఒడ్డువలె మెల్లగా లోతయ్యే ఇసుకతిన్నె కాదు; మునిగిన కొండవాలు. నాలుగడుగులు వేస్తే మోకాటి లోతు, ఐదవ అడుగుకు మనిషి లోతు కావచ్చు. అడుగున పాతగోడలు, బావులు వుండవచ్చు. నీటి కింద ఏమున్నదో తెలుసుకోవటం చరిత్రకే కాక ప్రాణరక్షణకూ పనికి వచ్చే విద్య.

ఆవలి ఒడ్డు

సోమశిలకు ఎదురుగా ఆవలి ఒడ్డున సిద్ధేశ్వరం వున్నది. అది ఆంధ్రప్రదేశులోని నంద్యాల జిల్లా. ఈ ఒడ్డువారికీ ఆ ఒడ్డువారికీ బంధుత్వాలు, జాతరలు, వ్యాపారాలు కలిసే వున్నవి. నది వెడల్పయిన తరువాత పడవ ఒక్కటే ఆధారమయింది. 2007 నాటి దుర్ఘటన తరువాత ఇక్కడ వంతెన కావలెనన్న కోరిక బలపడింది. 2022లో కేంద్ర ప్రభుత్వం తీగలపై నిలిచే వంతెనకు 1,082 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. అది పూర్తయితే హైదరాబాదు, తిరుపతుల నడుమ దూరం ఎనభై కిలోమీటర్ల వరకు తగ్గగలదని అంచనా.

ఆవలి ఒడ్డుననే సంగమేశ్వరం వున్నది. కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి అనే ఏడు నదులు కలిసే చోటుగా దానికి సప్తనదీసంగమమని పేరు. అక్కడి గర్భగుడిలోని శివలింగం వేపమొద్దు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆ గుడి నీటిలోనే వుంటుంది. వేసవికి ముందు నీటిమట్టం తగ్గగా మొదట శిఖరం, ఆ తరువాత గోడలు, చివరకు గడప బయటపడతవి. అర్చకులు బురద కడిగి తిరిగి దీపం పెడతారు. మరల వరద రాగానే పూజ ముగించి ఒడ్డుకు చేరుకుంటారు. ఆ దినాలలో సోమశిల నుండి పడవపై పోయి ఆ గుడిని చూచి వచ్చే కుటుంబాలు వున్నవి.

తరలించిన గుడి ఒకటి ఈ ఒడ్డున, మునిగి తేలే గుడి ఒకటి ఆ ఒడ్డున. రెండింటినీ ఒకే దినాన చూచిన పిల్లవానికి, నీటి అడుగున ఊళ్ళు వున్నవన్న మాట కథగా కాక కంటికి ఎదురైన నిజంగా తోస్తుంది.

నీరు తగ్గిన దినాలలో చూడదగినది ఇంకొకటి కూడా వున్నది. ఒడ్డున పగుళ్ళు బారిన ఒండ్రుమట్టి. 308 టి.ఎం.సి.ల నీరు పట్టేదిగా మొదట లెక్కించిన జలాశయం ఇప్పుడు 215 టి.ఎం.సి.ల వరకే పడుతున్నది. తక్కినచోటును ఎగువ పొలాల నుండి, చెట్లు కొట్టిన కొండల నుండి కొట్టుకువచ్చిన మట్టి ఆక్రమించింది. ఒక గాజుసీసాలో ఏటినీరు పట్టి ఇంటికి తెచ్చి, రాత్రంతా కదల్చకుండా వుంచితే, తెల్లవారేసరికి సీసా అడుగున సన్నని మట్టిపొర కనిపిస్తుంది. పైసా ఖర్చు లేని ఈ ప్రయోగం పదేండ్ల పిల్లవాడు స్వయంగా చేయగలడు.

సోమవారం నాడు

విహారమంటే పాఠాల మూట కట్టి పిల్లల నెత్తిన పెట్టటమని ఎవరూ భ్రమపడకూడదు. పిల్లవాడు ముందుగా పరుగెత్తవలె, నీటిలో రాళ్ళు విసరవలె, మెట్లమీద కూర్చుని కొల్లాపురం మామిడిపండు రసం మోచేతిదాకా కారగా తినవలె. సంతోషించిన పిల్లవాడే ప్రశ్న అడుగుతాడు. అలసి విసిగిన పిల్లవాడు ఇంటికి ఎప్పుడు పోదామని మాత్రమే అడుగుతాడు. పెద్దలు చేయవలసినదల్లా ప్రశ్న వచ్చిన క్షణాన చేతిలోని ఫోను పక్కన పెట్టి, తెలిసినది చెప్పటం. తెలియనిదానిని తెలిసినవారి వద్దకు తీసుకుపోయి అడిగించటం.

ఒడ్డున వుండే పిల్లల మాట కూడా మరువరాదు. సోమశిల పిల్లలకు ఆదివారం వచ్చేది ఇతరుల ఆదివారంగానే. తలిదండ్రులు అంగడి నడుపుతుంటే వారు చేదోడుగా వుంటారు. పట్నం నుండి వచ్చినవారు విడిచిపోయిన ప్లాస్టిక్ సీసాలు, విస్తళ్ళు సోమవారం నాడు వారి ఆటస్థలంలోనే పడి వుంటవి. తెచ్చిన సంచిలోనే చెత్తను తిరిగి తీసుకుపోయే పిల్లవాడు ఆ ఊరి పిల్లవానికి ముఖం తెలియని స్నేహితుడవుతాడు. వీలైతే ఇద్దరూ కలిసి ఒక ఆట ఆడటం మరీ మంచిది. ఒకడు పుట్టి నడపటం నేర్పగలడు. మరొకడు తన బడి విశేషాలు చెప్పగలడు.

ఉపాధ్యాయుల పని సోమవారం మొదలవుతుంది. తరగతిలో హాజరు పిలిచిన తరువాత పావుగంట కేటాయించి, నిన్నటి దినం ఎవరు ఎక్కడికి పోయినారో, అక్కడ ఎవరితో మాట్లాడినారో చెప్పించవచ్చు. సోమశిలకు పోలేని పిల్లలే ఎక్కువమంది వుంటారు. కాని శ్రీశైలం, నాగార్జునసాగరం, పోచంపాడు వంటి జలాశయాలు అనేకం వున్న మన నేలలో మునిగిన ఊరి మనిషి, మునిగిన ఊరికి పిల్లనిచ్చిన మనిషి తారసపడటం అరుదు కాదు. అటువంటివారి వద్దకు ఇద్దరిద్దరు పిల్లలను పంపి, పాత ఊరి పటం గీయించి తెమ్మనవచ్చు. బావి ఎక్కడ, బడి ఎక్కడ, రేవుకు దారి ఎటు అని అడిగితే, మాటలు రాని ముసలివారు కూడా వేలితో నేలపై గీసి చూపుతారు. పిల్లవాడు దానిని నోటుపుస్తకంలోకి ఎక్కించుకుంటాడు.

ఆ పుటకు పైన ఊరి పేరు, కింద చెప్పినవారి పేరు, పక్కన తేదీ రాయించవలె. ఇటువంటి నోటుపుస్తకాలు బడి బీరువాలో పది చేరినా చాలు. సోమశిల గుడిరాళ్ళకు అంకెలు వేసి కాపాడినవారి పనికి అది పిల్లలు చేసిన పొడిగింపు అవుతుంది.